ఎలపట సీటు

207 గంటలా? మంచిదే. లాగ్‌బుక్ రేపు పొద్దున చూపించు, ఈ మంట వెలుగులో నాకు అంకెలు ఆనవు. ఆ కంది కంప ఇటు వెయ్యి. పిడక అడుక్కి పెట్టు, పైన పెడితే పొగే గాని సెగ రాదు.

పొద్దున నువ్వడిగిన మాట రోజంతా నా బుర్రలో తిరుగుతూనే ఉందిరా. "తాతయ్యా, అమెరికాలో 1500 గంటలుంటే గాని కో-పైలట్‌గా తీసుకోరంట. ఇక్కడ 200 గంటలకే ఎయిర్‌బస్ కుడి సీట్లో కూర్చోబెడతారు. వీళ్ళలో ఎవరు చేసేది సరైంది?" అన్నావు. మీ నాన్నేమో "ఎవరిది సరైతే మనకేం, వాళ్ళు పిలిచారు, పోయి చేరు" అనేశాడు. వాడి తొందర వాడిది, నీ చదువుకి అప్పు చేసినవాడు వాడేగా. నేను మాట్లాడలేదు. అన్నం ముందు కూర్చుని తేల్చే సంగతి కాదది. ఇప్పుడు చెబుతా. కొంచెం పొడుగవుద్ది, దుప్పటి కప్పుకో.

నేను ఈ ఇంట్లోంచి 1979లో బయల్దేరాను. అప్పుడు నాకు 23 ఏళ్ళు. కాన్సాస్ రాష్ట్రంలో విచిటా అని ఊరు. అక్కడ సెస్నా ఫ్యాక్టరీ, బీచ్ ఫ్యాక్టరీ, లియర్‌జెట్ ఫ్యాక్టరీ, అన్నీ ఆ ఒక్క ఊళ్ళోనే. మన తెనాలి చుట్టూ మాగాణి ఎట్లా ఉంటుందో, ఆ ఊరి చుట్టూ రన్‌వేలు అట్లా ఉంటాయి. చదువు కోసం వెళ్ళాను, చదివాను, డ్రాయింగు బల్ల దగ్గర ఉద్యోగమూ దొరికింది. కానీ కిటికీలోంచి చూస్తే ఎప్పుడూ ఏదో ఒకటి ఎగురుతూనే ఉండేది. జీతంలో మిగిలిందంతా రెండు సీట్ల సెస్నాకి పోశాను. లైసెన్సు వచ్చింది. తర్వాత ఇన్‌స్ట్రక్టర్ లైసెన్సు. వారమంతా ఆఫీసు, శని ఆదివారాలు పిల్లలకి ఎగరడం నేర్పడం. మా అమ్మకి చాలా ఏళ్ళు ఈ సంగతి తెలీదు. ఉత్తరాల్లో రాయలేదు.

అట్లా 1992 నాటికి నాకు 2300 గంటలు పోగయ్యాయి. అది పైలట్లకి చాలా పాడుకాలం. ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 1991 జనవరిలో మూతపడింది, పాన్ ఆమ్ అదే ఏడాది డిసెంబర్లో. వేల గంటల అనుభవమున్న వాళ్ళు వీధిన పడ్డారు. చిన్న ఊళ్ళకి తిప్పే కంపెనీల ముందు ఎంత పొడుగు వరసంటే, వాళ్ళు "ఉద్యోగం ఇస్తాం, శిక్షణ ఖర్చు మాత్రం నువ్వే పెట్టుకో" అనేవాళ్ళు. నేనూ కట్టాను. మీ చిన్ననాయనమ్మ దాచిన డబ్బంతా అందులోకే పోయింది. ఆవిడ ఒక్క మాట అనలేదు. ఆ కంపెనీ పేరు మనకెందుకులే.

అప్పుడు నాకు దొరికింది బీచ్ 1900. 19 సీట్లు, రెండు ఇంజన్లు, అదే విచిటాలో తయారైంది. లోపల ఎయిర్‌హోస్టెస్ ఉండదు. మాకున్న వాటిలో ఆటోపైలట్ కూడా లేదు. నా పక్కన ఎడమ సీట్లో ఓక్లహోమా నుంచి వచ్చిన ముసలాయన. పొలాల మీద మందు చల్లే విమానాలు నడిపి, ఆ తర్వాత ఇటు వచ్చినవాడు. ఎక్కువ మాట్లాడడు. మొదటి రోజు ఒక్కటే చెప్పాడు: కంటికి ఏది కనపడితే అది పైకి చెప్పు, నాకు తెలిసుంటుందని అనుకోవద్దు.

మొదట్లో నాకు సిగ్గేసింది. ఆయన చూస్తున్న అంకెనే నేను చదివి వినిపించడం ఏమిటి? తర్వాత మన కళ్ళం గుర్తొచ్చింది. వడ్లు కొలిచేటప్పుడు కొలిచేవాడు "లాభం" అంటాడు, "రెండు" అంటాడు, "మూడు" అంటాడు. పైకే అంటాడు. ఆసామి వింటాడు, కూలీ వింటాడు, పక్కనున్న పిల్లాడూ వింటాడు. ఒకడు తప్పితే ఇంకొకడు పట్టుకుంటాడు. మా తాత వడ్లు కొలుస్తుంటే నేను పక్కన కూర్చుని, ఆయన ఎనిమిది రెండుసార్లు అన్నాడని అరిచాను ఒకసారి. నాకు ఏడేళ్ళు. ఆయన నన్ను కోప్పడలేదు, మళ్ళీ మొదట్నుంచీ కొలిచాడు. ఆ ముసలి కెప్టెన్ అడిగింది అదే. రెండేళ్ళు ఆయన పక్కన కూర్చున్నాను. నాకు వచ్చిందంతా ఆయన పెట్టిందే.

నీకు ఎద్దుల సంగతి తెలీదు, మీకు ట్రాక్టర్లే. కాడికి కట్టేటప్పుడు ఎడమ పక్కది దాపట, కుడి పక్కది ఎలపట. కొత్త కోడెని దున్నకానికి అలవాటు చేయాలంటే ఆరితేరిన ఎద్దుకి జత కడతారు. అది నడుస్తుంటే ఇది నడుస్తుంది, అది మలుపు తిరిగితే ఇదీ తిరుగుతుంది. ఒక కారు దున్నేసరికి దానికి చాలు వస్తుంది. ఎంత పొలం పని మీద పడినా సరే, రెండు కొత్త కోడెల్ని ఒకే కాడికి కట్టి దుక్కిలోకి తోలినవాణ్ణి నేను చూడలేదు. విమానంలో కూడా దాపట కెప్టెన్, ఎలపట కో-పైలట్. ఈ ముచ్చటంతా ఆ జత గురించే.

ఇప్పుడు 2007కి వస్తాను.

2001 సెప్టెంబర్ దాడుల తర్వాత పెద్ద కంపెనీలు వేలమందిని ఇళ్ళకి పంపాయి. దాన్ని ఫర్లో అంటారు. పేరు పట్టీలో ఉంటుంది, పనీ ఉండదు, జీతమూ ఉండదు. అదే సమయంలో చిన్న కంపెనీలు మాత్రం 50 సీట్ల జెట్లు కొంటూ పోయాయి. ఎందుకంటే పెద్ద కంపెనీలు ఖరీదైన తమ పైలట్లని తగ్గించుకుని, చిన్న రూట్లన్నీ వీళ్ళకి కాంట్రాక్టుకి ఇచ్చాయి. విమానం మీద రంగు పెద్ద కంపెనీది, టికెట్ మీద పేరు పెద్ద కంపెనీది, నడిపేది చిన్న కంపెనీ. ఎక్కేవాడికి ఆ తేడా తెలీదు. అమెరికాలో రోజూ ఎగిరే విమానాల్లో సగం దగ్గర అట్లాంటివే ఉండేవి. 2006, 2007 వచ్చేసరికి పెద్ద కంపెనీలు మళ్ళీ పిలవడం మొదలుపెట్టాయి. చిన్న కంపెనీల్లో నాలుగు డబ్బులు ఎక్కడొస్తాయా అని కాచుకున్న అనుభవజ్ఞులంతా ఒక్కసారి లేచిపోయారు. వెనక నుంచి వచ్చేవాళ్ళు లేరు. ఎట్లా వస్తారు? చదువుకి అప్పు పెద్ద ఇల్లంత, చేరాక మొదటి ఏడాది జీతం 20 వేల డాలర్ల చుట్టుపక్కల. అదీ గంటల లెక్క. తలుపు వేసి విమానం కదిలిన క్షణం నుంచి, దిగి తలుపు తీసేదాకా ఉన్నదే గంట. వర్షంలో నాలుగు గంటలు కూర్చున్నా దానికి పైసా లేదు.

దాన్ని పైలట్ల కరువు అన్నారు. నేను అప్పుడూ ఇప్పుడూ చెప్పేది ఒకటేరా. అది జీతాల కరువు. కూలి సరిగ్గా ఇవ్వకపోతే నాట్లకి మనుషులు దొరకరు, దాన్ని మనుషుల కరువు అని పంచాయితీలో చెప్పుకుంటే కుదురుతుందా?

కంపెనీలు జీతం పెంచలేదు. గంటలు తగ్గించాయి. 1000 అడిగినవాళ్ళు 600 చాలన్నారు. 600 అన్నవాళ్ళు 400 అన్నారు. 2007 నడిమికి వచ్చేసరికి కమర్షియల్ లైసెన్సు చేతికొచ్చిన వారంలోనే, 250 గంటలతో, జెట్ కుడి సీటుకి పిలుస్తున్నారు. చట్టం ఒప్పుకునేది. ఆ రోజుల్లో కెప్టెన్‌కే 1500 గంటలు కావాలి, పక్కవాడికి కమర్షియల్ లైసెన్సు ఉంటే చాలు.

నేనప్పుడు సగం రోజులు విమానం నడుపుతూ, సగం రోజులు సిమ్యులేటర్లో కొత్తవాళ్ళకి నేర్పుతున్నాను. ఆ పిల్లల్ని చూస్తే ముచ్చటేసేది. నీలాంటివాళ్ళే. 21, 22 ఏళ్ళు, ఇస్త్రీ చొక్కాలు, పుస్తకం మొత్తం నోటికొచ్చు. చేతులు బాగానే ఉండేవి, చాలామందికి నాకంటే బాగుండేవి. అంతకుముందు వాళ్ళు నడిపిన విమానం గంటకి 100 మైళ్ళు పోయేది, ఇప్పుడిది 400 దాటుతుంది. 10 వేల అడుగులు దిగాలంటే 30 మైళ్ళ ముందే మొదలుపెట్టాలి. ఆ 30 మైళ్ళు ఇందులో నాలుగు నిమిషాలు. పిల్లాడు చెక్‌లిస్టు వెతుక్కునేలోపు విమానం ఊరు దాటేస్తుంది. విమానం ముందు పోతుంటే మనసు వెనకాల పరిగెత్తడమంటే అదే. అయినా పది పదిహేను సెషన్లలో అది సర్దుకునేది. చేతులకి నేర్పవచ్చు.

నన్ను నిద్ర పట్టనివ్వనిది రెండో సంగతి. కుడి సీటు ఖాళీ అవుతున్న వేగంతోనే ఎడమ సీటూ ఖాళీ అవుతోంది. మా రోజుల్లో కెప్టెన్ కావాలంటే ఏడెనిమిదేళ్ళు పట్టేది. ఇప్పుడు రెండేళ్ళకే, కొన్ని చోట్ల ఇంకా ముందే, 1500 గంటలు నిండిన రోజున ఎడమ సీటులోకి జరిపేవారు. అంటే, చూడు, 250 గంటలతో వచ్చినవాడి పక్కన కూర్చున్నవాడు కూడా ఒకే ఒక్క చలికాలం చూసినవాడు. రెండు కోడెలు, ఒకే కాడి.

మా సిమ్యులేటర్ విభాగంలో 1960ల నాటి పెద్దాయన ఒకాయన ఉండేవాడు. టీ తాగేటప్పుడు ఆయనతో ఈ మాటే అన్నాను. ఆయన చెప్పింది నాకిప్పటికీ గుర్తు. 1960ల నడుమ జెట్లు వచ్చి పైలట్లు చాలనప్పుడు పెద్ద కంపెనీలు కూడా 200 చిల్లర గంటల పిల్లల్ని తీసుకున్నాయట. కానీ అప్పటి బోయింగ్ 727లో, 707లో మూడు సీట్లు. మూడోది ఫ్లైట్ ఇంజనీర్ సీటు, వెనకాల పక్కకి. కొత్త పిల్లాణ్ణి అక్కడ కూర్చోబెట్టేవాళ్ళు. స్టీరింగ్ చేతికి రాదు. ఇంధనం, గాలి పీడనం, కరెంటు చూసుకుంటూ, ముందున్న ఇద్దరు తలనెరిసినవాళ్ళు మంచులో ఏం చేస్తారు, పిడుగుల మబ్బు కనపడితే ఎటు తిప్పుతారు, ఎప్పుడు "వద్దు, వెనక్కి పోదాం" అంటారు, ఇవన్నీ ఏళ్ళ తరబడి చూసేవాడు. 1980ల నుంచి కొత్త విమానాలన్నీ ఇద్దరితోనే వచ్చాయి, ఆ మూడో సీటు పోయింది. సీటు తీసేసినవాళ్ళు ఆ సీటు నేర్పిన చదువు ఎక్కడ నేర్పాలో ఆలోచించలేదని ఆయన బాధ. నేను దాన్ని ఆయన బాధగా వదిలెయ్యలేదు. నాదీ అదే.

అదుగో నిప్పురవ్వ, దుప్పటి వెనక్కి లాక్కో.

ఇప్పుడు చెప్పేది మీ నాన్నకి కూడా చెప్పలేదు. 2008 జనవరి. 34 సీట్ల సాబ్ విమానం, రెండు పంకాలది. ఆ రోజుకి నాలుగో ట్రిప్పు, రాత్రి ఎనిమిది దాటింది, తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెట్టాను. అప్పటి నిబంధనల్లో అది తప్పు కాదు. పదహారు గంటల దాకా డ్యూటీలో ఉంచవచ్చు, రాత్రికి ఎనిమిది గంటలు వదిలితే చాలు. ఆ ఎనిమిదిలోనే హోటల్‌కి పోవడం, రావడం, తినడం. నా పక్కన కుర్రాడికి అప్పటికి 300 గంటలు చిల్లర. మంచి పిల్లాడు, వ్యవసాయ కుటుంబం, అయోవా వాడు. ప్రతి మాటకీ "సర్" అనేవాడు.

మబ్బులో దిగుతున్నాం. రెక్కల అంచున మంచు పడుతోంది. 3 వేల అడుగుల దగ్గర ఆగమన్నారు. ఆటోపైలట్ ఎత్తు పట్టుకుంది. నేను ఇంజన్ పవర్ తగ్గించి ఉంచాను, మళ్ళీ పెంచాలి, పెంచలేదు. రేడియోలో ఇంకో విమానం గురించి ఏదో అంటుంటే అటు చెవి పెట్టాను, రన్‌వే మీద బ్రేకులు ఎట్లా పడతాయో లెక్క వేస్తున్నాను. వేగం పడిపోతోంది. ఎత్తు తగ్గకుండా ఉండాలని ఆటోపైలట్ ముక్కు పైకెత్తుకుంటూ పోతోంది. 160 నాట్లు, 150, 140. మంచు పట్టిన రెక్క మామూలు కంటే ముందే చేతులెత్తేస్తుంది. అప్పుడు ఆ పిల్లాడు మాట్లాడలేదు. వేలితో వేగం చూపించే గడియారం అద్దం మీద తట్టాడు. రెండుసార్లు. అంతే. చూశాను. నా ఒళ్ళంతా చల్లబడింది. పవర్ ఇచ్చాను, ముక్కు దించాను, విమానం తేరుకుంది. వెనకాల 29 మంది. వాళ్ళకేమీ తెలీదు.

దిగాక, అందరూ పోయాక అడిగాను. "ఎప్పుడు చూశావురా?" "150 దగ్గర, సర్." "మరి చెప్పలేదే?" "మీరు తెలిసే చేస్తున్నారనుకున్నాను, సర్."

తప్పు నాది. పూర్తిగా నాది. కంపెనీకి నేనే రాసిచ్చాను. వాణ్ణి ఏమీ అనలేదు, అద్దం మీద తట్టినందుకు ఇంటికి తీసుకెళ్ళి మీ చిన్ననాయనమ్మ చేత అన్నం పెట్టించాను. కానీ ఆ రాత్రి నాకు అర్థమైంది, 300 గంటల లోటు చేతిలో కాదు, గొంతులో ఉంటుందని. ఇన్‌స్ట్రక్టర్‌గా వెయ్యి గంటలు కూర్చున్నవాడు రోజూ ఎవడో ఒకణ్ణి "వేగం చూడు, వేగం చూడు" అని అరుస్తూనే ఉంటాడు. వాడికి ఆ మాట నోట్లోనే ఉంటుంది. ఎవరి తప్పునీ ఎన్నడూ పైకి అనని పిల్లాడు పాతికేళ్ళ అనుభవమున్న కెప్టెన్‌ని ఎట్లా అంటాడు? దానికి తోడు వాడికి ఏది మామూలో ఏది కాదో తెలీదు. మంచులో అట్లాగే నడుపుతారేమో అనుకున్నాడు. నా పక్కన 2000 గంటలవాడుంటే 155 దగ్గరే చెప్పి ఉండేవాడు. అసలు నా ఓక్లహోమా ముసలాయన నేర్పింది వాడికి నేను మొదటి రోజే నేర్పి ఉండాల్సింది. నేర్పలేదు. ఆ సీజన్లో నెలకో కొత్త మొహం, ఎవరికి ఏం చెప్పానో గుర్తుండేది కాదు.

ఆ తర్వాత ఏడాదికి, 2009 ఫిబ్రవరి 12. నూవార్క్ నుంచి బఫలోకి పోయే కాల్గన్ అనే చిన్న కంపెనీ విమానం, 3407. డాష్ 8 క్యూ400, పంకాలదే. రాత్రి పది దాటాక, బఫలో పక్కన క్లారెన్స్ సెంటర్ అనే ఊళ్ళో ఒక ఇంటి మీద పడింది. విమానంలో 49 మంది, ఇంట్లో ఒకరు. 50 ప్రాణాలు. టికెట్ మీద కాంటినెంటల్ పేరు.

దర్యాప్తు నివేదిక వచ్చాక నేను దాన్ని చదవలేక చదివాను. దిగడానికి సిద్ధమవుతున్నారు, మంచు ఉంది, వేగం పడిపోయింది, ఇద్దరూ చూడలేదు. స్టిక్ షేకర్ మోగింది. విమానం ఇక తేలలేనని చెప్పడానికి చేతిలో కర్ర వణుకుతుంది. అప్పుడు ముక్కు దించి పవర్ ఇవ్వాలి. ఆ కెప్టెన్ ముక్కు పైకి లాగాడు. విమానం తనంతట తను కర్రని ముందుకు తోసినా దాని మీద కూడా లాగాడు. కో-పైలట్ అమ్మాయి అడగకుండానే ఫ్లాప్స్ ఎత్తేసింది. అంతకు కొద్ది నిమిషాల ముందు, ఇక్కడికి రాకముందు తను మంచు ఎక్కువ చూడలేదనే కబుర్లే వాళ్ళిద్దరి మధ్య. ఆ పిల్ల ముందు రాత్రంతా సియాటిల్ నుంచి సరుకుల విమానంలో కూర్చుని ప్రయాణం చేసి డ్యూటీకి వచ్చింది. డ్యూటీ ఊళ్ళో ఇల్లు అద్దెకి తీసుకునే జీతం కాదు వాళ్ళది.

ఇది బాగా విను. చాలామంది దీన్ని తప్పుగా చెబుతారు. వాళ్ళిద్దరూ 250 గంటలవాళ్ళు కాదు. ఆ రోజుకి కెప్టెన్‌కి 3300 పైన, ఆ అమ్మాయికి 2200 పైన ఉన్నాయి. కానీ కెప్టెన్ ఆ కంపెనీలో చేరింది 600 పైచిలుకు గంటలతో. అంతకుముందు చాలా పరీక్షలు తప్పాడు, కొన్ని కంపెనీకి తెలియనే లేదు. అంకె తర్వాత నిండింది. పక్కన ఎవరు కూర్చుని నింపారు, ఏం చెప్పి నింపారు, తప్పితే ఎవరు ఆపారు, దానికి సమాధానం ఏ కాగితంలోనూ దొరకదు. ఆ ఇద్దర్నీ తిట్టడానికి నాకు నోరు రాదు. అంతకు ఏడాది ముందు నా వేగం కూడా అట్లాగే పడిపోయింది. నాకు అద్దం మీద తట్టినవాడున్నాడు.

చనిపోయినవాళ్ళ ఇళ్ళవాళ్ళు ఊరుకోలేదు. ఫోటోలు మెడలో వేసుకుని వాషింగ్టన్‌లో సెనేటర్ల గదుల ముందు నిలబడ్డారు. ఏడాది, రెండేళ్ళు కాదు, ఇప్పటికీ ఎవరన్నా ఆ నిబంధన సడలించాలంటే వాళ్ళే ముందు కనపడతారు. 2010 ఆగస్టు 1న చట్టం వచ్చింది. 2013 నుంచి కుడి సీటుకి కూడా 1500 గంటలు. విమానయాన డిగ్రీ చదివినవాళ్ళకి 1000, సైన్యం నుంచి వచ్చినవాళ్ళకి 750. ఆ సీటుకి కావలసిన లైసెన్సు పరీక్షకి ముందు స్టాల్ గురించి, అంటే వేగం చాలక రెక్క తేలలేకపోవడం గురించి, మంచు గురించి సిమ్యులేటర్లో ప్రత్యేక కోర్సు. 2014 జనవరి నుంచి రాత్రికి పది గంటల విశ్రాంతి, అందులో ఎనిమిది నిద్రకి. పైలట్ల పాత పరీక్షల రికార్డులు ఒకచోట పెట్టమన్నారు. టికెట్ కొనేటప్పుడు నిజంగా నడిపే కంపెనీ పేరు ముందే చూపించమన్నారు. అందరూ గంటల గురించే మాట్లాడతారు గాని, ఆ విశ్రాంతి నిబంధన ఎంతమందిని కాపాడిందో అది నా లెక్కలో ఇంకా పెద్దది.

ఈలోపు నా అయోవా పిల్లాడి సంగతి. 2007 డిసెంబర్లో రిటైర్మెంటు వయసు 60 నుంచి 65కి పెంచారు, పైన సీట్లు ఖాళీ అవడం ఆగిపోయింది. 2008 జులైకి చమురు పీపా 147 డాలర్లకి పోయింది. 250 గంటలకి చేతులు చాపి పిలిచినవాళ్ళే ఏడాది తిరక్కుండా ఫర్లో కాగితాలు చేతిలో పెట్టారు. కరువు అన్నది ఏమైందో ఎవరూ చెప్పలేదు. వాడు ఊరికి పోయి నాలుగేళ్ళు వాళ్ళ నాన్నతో మొక్కజొన్న వేశాడు, సాయంత్రాలు ఎగరడం నేర్పాడు.

1500 వచ్చాక కష్టాలూ వచ్చాయి, దాచిపెట్టను. బీచ్ 1900లు తిప్పే గ్రేట్ లేక్స్ అని వయోమింగ్‌లో ఒక కంపెనీ ఉండేది. చాలా చిన్న ఊళ్ళకి అదొక్కటే విమానం. 1978లో ఎయిర్‌లైన్స్ మీద ప్రభుత్వ కట్టడి తీసేసినప్పుడు చిన్న ఊళ్ళు ఒంటరి కాకుండా సబ్సిడీ పెట్టారు, ఆ సబ్సిడీ రూట్లు. వాళ్ళకి 1500 గంటలవాళ్ళు దొరకలేదు. 9 సీట్లు, అంతకు తక్కువ ఉంటే వేరే నిబంధన కిందకి వస్తుంది. అందుకని 19 సీట్ల విమానంలోంచి 10 సీట్లు ఊడబీకి 9 సీట్లతో తిప్పారు. నేను విచిటాలో బొమ్మలు గీసిన రోజుల్లో రూపు దిద్దుకున్న విమానం అది. సగం ఖాళీగా ఎగురుతుంటే చూడబుద్ధి కాలేదు. 2018 మార్చిలో మూసేశారు. ఆ ఊళ్ళవాళ్ళ బాధ నిజమైంది. డాక్టరు దగ్గరికి నాలుగు గంటలు కారులో పోవాలంటే మాటలు కాదు. మన కడపకి చూడు, ఉడాన్ పథకం మొదలైన రోజు 2017 ఏప్రిల్ 27న కడప–హైదరాబాద్ విమానం కూడా ఎగిరింది, ఆ రోజు జనం సంబరం చూశావుగా. విమానం లేని ఊరికి విమానం అంటే ఏమిటో నాకు తెలుసు.

అందుకే నేను 1500 అంకెకి దణ్ణం పెట్టను. ఎండకాసే ఆకాశంలో ప్రకటన గుడ్డ లాగుతూ వెయ్యి గంటలు గుండ్రంగా తిరిగినవాడికి ఏం వచ్చినట్టు? ఒకే గంటని వెయ్యిసార్లు ఎగిరాడు. అయినా దాన్ని తీసెయ్యమంటే మాత్రం ఒప్పుకోను. ఎందుకో చెబుతా. కోవిడ్‌లో పెద్ద కంపెనీలు సీనియర్లని డబ్బిచ్చి ముందే పంపేశాయి. నేను 2021లో 65 నిండి దిగిపోయాను. 2022కి మళ్ళీ కరువు. ఒక కంపెనీ 29 ఊళ్ళ నుంచి తప్పుకుంటానని నోటీసు ఇచ్చింది. ఇంకొకటి తన సొంత అకాడమీ పిల్లలకి 750 గంటలు చాలనమని అడిగితే, ఆ సెప్టెంబర్లో ప్రభుత్వం కుదరదంది. దారులన్నీ మూసుకుపోయాక అప్పుడు చేసిన పని ఏమిటో తెలుసా? జీతం పెంచారు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ చిన్న కంపెనీల్లో కొత్త కో-పైలట్‌కి గంటకి 90 డాలర్లు. మా రోజుల్లో 20, 25. ఆ ఒక్క అంకె ఆ గుమ్మం దాటనివ్వలేదు గనక ఇంకో గుమ్మం తెరుచుకుంది. 2007లో ఆ గుమ్మం తెరిచే ఉంది, అందుకే పిల్లలు చౌకగా దొరికారు.

ఇక నీ సంగతి. ఇక్కడ 200 గంటలకి తీసుకోవడం పాపమని నేను అనను. ఐరోపాలోనూ చాలాచోట్ల అట్లాగే తీసుకుంటారు. కానీ అక్కడ మంచి కంపెనీలు ఆ పిల్లాడి చుట్టూ కంచె కడతాయి. నెలల తరబడి సిమ్యులేటర్, నేర్పే కెప్టెన్, కొన్నాళ్ళు వెనకాల మూడో పైలట్. కంచె ఉంటే 200కి భయపడను. కరువు రోజుల్లో ముందుగా ఊడేది ఆ కంచె కర్రే, అదీ నా భయం. ఇక్కడ 2005 తర్వాత కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచినప్పుడు ఏమైందో పెద్దవాళ్ళకి గుర్తుంది. 2011లో దొంగ మార్కుల కాగితాలతో లైసెన్సు తెచ్చుకున్న పైలట్లు దొరికారు. ఎడమ సీట్లో కూర్చుంటున్న వాళ్ళు కూడా. ఇప్పుడు మళ్ళీ వందల విమానాలు ఆర్డర్ పెట్టారు. ఎలపటకి నిన్ను పిలుస్తున్నారు సరే. దాపట ఎవర్ని కడుతున్నారు?

అయోవా పిల్లాడు పోయిన క్రిస్మస్‌కి ఫోన్ చేశాడు. పెద్ద కంపెనీలో ఎడమ సీటు ఇప్పుడు. కొత్తగా వచ్చిన ప్రతి కో-పైలట్‌కీ మొదటి రోజు ఆ అద్దం సంగతి చెబుతాడట, నా పేరు చెప్పకుండా. నేను చెప్పమన్నాను. వాడు చెప్పనన్నాడు.

రేపు పొద్దున లాగ్‌బుక్‌తో పాటు ఆ కంపెనీ వాళ్ళు పంపిన కాగితం కూడా తీసుకురా. జీతం దగ్గర మీ నాన్న చూసుకుంటాడు. మనం ఇంకోటి చూద్దాం. లైన్ ట్రైనింగ్ ఎన్ని నెలలు, వెనక సీట్లో ఇంకో పైలట్‌ని ఎన్నాళ్ళు ఉంచుతారు, నీకు నేర్పే కెప్టెన్ ఆ ఎడమ సీట్లో ఎన్నేళ్ళ నుంచి ఉన్నాడు, వర్షాకాలం ఎన్ని చూశాడు, వరసగా ఎన్ని రాత్రి డ్యూటీలు వేస్తారు. కాగితంలో ఉండవు. అందుకని పది గంటలకి వాళ్ళ ఆఫీసు తెరవగానే ఫోన్ చేద్దాం. నేను పక్కనే కూర్చుంటా. అడిగేది మాత్రం నువ్వే.

ఆ చెంబు ఇలా ఇవ్వు, నిప్పు మీద నీళ్ళు చల్లి పోదాం, వాము ఇక్కడికి దగ్గరే.